బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ (స్లీవ్, బైపాస్) అయినవాళ్ళు: నొప్పికి ఏం వాడారు, ఏం వాడకూడదన్నారు?

శిరీష_నెల్లూరు:
స్లీవ్ చేయించుకుని మొన్నే ఇంటికొచ్చాను. కోతల దగ్గర నొప్పి ఓర్చుకోగలుగుతున్నాను గానీ కుడి భుజం పీకేస్తోంది. వెల్లకిలా పడుకుంటే మరీ ఎక్కువ. మా అత్తయ్య గుండెనొప్పేమో అంటూ తను టెన్షన్ పడి నన్నూ పెడుతున్నారు. ఎవరికైనా ఇలా వచ్చిందా?

మధు_కూకట్‌పల్లి:
చాలామందికి వస్తుందండీ, నాకూ వచ్చింది. లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) లోపల చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. చివర్లో వదిలేసినా కొంత మిగిలి డయాఫ్రమ్‌కి (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) చిరాకు పుట్టిస్తుంది. దాని నరమూ, భుజం పైభాగానికి వచ్చే నరాలూ మెడలో ఒకే చోట బయలుదేరతాయి. అందుకే నొప్పి భుజంలో తెలుస్తుంది. ఇది పేగుల్లో గ్యాస్ కాదు, తేన్పులతోనో వాము నీళ్ళతోనో పోదు. మెల్లగా రక్తంలో కలిసి ఊపిరితో బయటికి పోవాలి. కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ఇంట్లోనే గంటకోసారి అటూ ఇటూ నడవండి. అయినా మీ సర్జన్ టీమ్‌కి ఒక ఫోన్ చెయ్యండి. భుజం నొప్పి అనగానే గ్యాసే అని మనం ఇక్కడ కూర్చుని తేల్చేయకూడదు.

లత_డాలస్:
మాకిక్కడ ఆపరేషన్ రోజు సాయంత్రమే నర్సు లేపి నడిపించింది. అప్పుడు తిట్టుకున్నాను, నిజానికి అదే పనిచేసింది. ఇంటికొచ్చాక రిక్లైనర్‌లో సగం కూర్చునే నిద్రపోయాను. దగ్గొస్తే పొట్టకి దిండు అదిమి పట్టుకోండి శిరీషా, కుట్లు లాగవు. హైడ్రోకోడోన్ (నల్లమందు జాతి గట్టి నొప్పి మందు) కూడా రాసిచ్చారు. దానితో వికారం, మలబద్ధకం. అసలే నీళ్ళు గుక్క గుక్క తాగే రోజులాయె! డాక్టర్‌ని అడిగి త్వరగా ఆపి, పారాసెటమాల్‌తో నెట్టుకొచ్చాను. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉన్నవాళ్ళు ఇలాంటి మందులతో మరింత జాగ్రత్త, నిద్రలో గాలి అందించే సీప్యాప్ మెషిన్ పక్కన పెట్టేయొద్దు.

వెంకట్_వైజాగ్:
నాది వేరే సంగతి. బైపాస్ అయి ఏడాది దాటింది. బరువు తగ్గినా మోకాళ్ళు నొప్పే. మెడికల్ షాపులో అడిగితే కాంబిఫ్లామ్ చేతిలో పెట్టాడు. వేసుకోవచ్చా?

ఫార్మసీ_రాజు:
వద్దు వెంకట్ గారూ. అందులో పారాసెటమాల్‌తో పాటు ఇబుప్రోఫెన్ 400 ఉంటుంది. బైపాస్‌లో చిన్న సంచిని పేగుకి కలిపిన అతుకు దగ్గర ఈ జాతి మందులు పుండు చేస్తాయి, అది రక్తం కారడం దాకా, చిల్లు పడడం దాకా వెళ్ళొచ్చు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ కూడా అంతే. జీరోడాల్-పిలోనూ పారాసెటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ ఉంటుంది. పేరు చివర పి చూసి పారాసెటమాల్ ఒక్కటే అనుకుంటారు చాలామంది. సిగరెట్ ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. షాపులో ముందే ‘బైపాస్ అయింది’ అంటే గుండె బైపాస్ అనుకుంటారు, ‘కడుపు బైపాస్’ అని చెప్పండి. గుండెకి ఆస్పిరిన్ రాసి ఉంటే మాత్రం సొంతంగా ఆపొద్దు, ఇద్దరు డాక్టర్లకీ చెప్పండి.

మధు_కూకట్‌పల్లి:
స్లీవ్ అయిన మా తమ్ముడికి మాత్రం ఈ జాతి మందే డాక్టర్ కొన్నాళ్ళు ఇచ్చారు, తోడు పాంటోప్రజోల్‌తో (కడుపులో యాసిడ్ తగ్గించే మందు). స్లీవ్‌లో ఆ అతుకు ఉండదు కదా.

ఫార్మసీ_రాజు:
నిజమే, స్లీవ్‌లో కొందరు సర్జన్లు ఒప్పుకుంటారు, కొందరు ససేమిరా అంటారు. రాసిచ్చినవాళ్ళ మాటే ప్రమాణం. వెంకట్ గారూ, మోకాలికైతే పైపూత జెల్, ఫిజియో గురించి మీ డాక్టర్‌ని అడగండి.

లత_డాలస్:
శిరీషా, ఒకటి మరిచాను. నాడి 120 దాటి తగ్గకపోవడం, జ్వరం, ఆయాసం, కడుపునొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, లోపల కడుపు కుట్టు దగ్గర లీకేమో చూడాలి. ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఛాతీ నొప్పి వచ్చినా అంతే, రక్తం గడ్డేమో.

శిరీష_నెల్లూరు:
ఫోన్ చేశానండీ. నాడి, జ్వరం అడిగారు, రెండూ బాగానే ఉన్నాయి. నడవమన్నారు, రేపు వచ్చి చూపించుకోమన్నారు. అత్తయ్య అప్పటికే వాము నీళ్ళు కాచేశారు! డోలో 650 (పారాసెటమాల్ బిళ్ళ) గొంతు దిగడం లేదు, నలిపి వేసుకోవచ్చా?

ఫార్మసీ_రాజు:
మామూలు డోలో నలపొచ్చు, చేదుగా ఉంటుంది. పేరు పక్కన ఎస్.ఆర్. లేదా ఇ.ఆర్. అని ఉన్న బిళ్ళలు (మందు మెల్లగా వదిలేవి) మాత్రం నలపకూడదు, మందంతా ఒక్కసారే దిగిపోతుంది. సిరప్ అయితే చక్కెర లేనిది అడగండి. పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములే హద్దు, ఆరు డోలోలకే 3.9 అవుతుంది. ఫ్యాటీ లివర్ ఉంటే డాక్టర్ ఇంకా తగ్గిస్తారు, రేపు అడగండి. జలుబు బిళ్ళల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, అదీ లెక్కలో వేసుకోండి.