పాత పికప్ ట్రక్కు: లోపం ఆక్సిజన్ సెన్సర్‌దా, గాలి లీకుదా?

నేను డాలస్ దగ్గర 15 ఏళ్లుగా నడుపుతున్న 1997 నాటి వి8 పెట్రోల్ పికప్‌లో, సిలిండర్ల రెండు వరుసల్లోనూ (బ్యాంకుల్లోనూ) గాలితో పోలిస్తే ఇంధనం తగ్గి మిశ్రమం పలుచనైందని చెప్పే పి0171, పి0174 లోపం కోడ్‌లు వస్తున్నాయి. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంజిన్ కంప్యూటర్ అదనంగా కలిపే ఇంధనం, 25 శాతానికి చేరి, 2500 ఆర్‌పీఎం వద్ద 6 శాతానికి దిగుతోంది. ఐడిల్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్లు రెండూ 0.1 వోల్టు (పలుచన) దగ్గరే నిలిచిపోతున్నా, ఎయిర్ ఫిల్టర్ గొట్టంలోకి కాస్త ప్రొపేన్ వదలగానే వెంటనే 0.9కి (చిక్కన) ఎగబాకాయి కనుక, వాటిని మార్చమన్న మెకానిక్ సలహా నాకు సబబుగా తోచడం లేదు. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరులను తిరిగి ఇంటేక్‌లోకి పంపేది) మోచేతి వంపు దగ్గర రబ్బరు పిగిలి ఉంటే మార్చాను. అయినా తేడా లేదు. ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) గ్యాస్కెట్ గాలి పీలుస్తోందని నా అనుమానం. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ లీకున్నా ఇలాంటి రీడింగులే వస్తాయా? పొగ పంపి లీకు వెతికే పరీక్షకు ముందే ఈ రెండు లీకులనూ వేరుచేసి గుర్తించే పద్ధతిని అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.