ఇళ్ళకు అనుమతి ఇవ్వకముందే పురావస్తు పరీక్షా కందకాలు తవ్వించాలా?

చర్చ ప్రారంభం

ఇంగ్లండ్‌లో పాత గ్రామాన్ని ఆనుకుని ఉన్న పొలంలో ఇళ్ళు కట్టదలిస్తే, ఆ నేల కింద పూర్వపు ఆనవాళ్ళు ఉన్నాయేమో తెలుసుకోవడానికి అక్కడక్కడ పరీక్షా కందకాలు తవ్విస్తారు. ఆ పని అనుమతి వచ్చాక, నిర్మాణం మొదలయ్యేలోపు జరిగితే చాలునని నా వాదన. అనుమతి వస్తుందో రాదో తెలియని దశలో చిన్న నిర్మాణదారు చేత అంత ఖర్చు పెట్టించడం న్యాయం కాదు. పైగా నేలలోని అయస్కాంత గుణపు తేడాలను పైనుంచే కొలిచే అయస్కాంత సర్వేతో తవ్వకుండానే లోపలి సంగతి తెలుస్తున్నప్పుడు, పండే పొలాన్ని ముందే చీల్చడం ఎందుకు?

మొదటి స్పందన

ఖర్చు గురించి మీరన్నది కొట్టిపారేయదగినది కాదు గాని, ఏది ముందు ఏది తర్వాత అన్న విషయంలో మీతో ఏకీభవించలేను. అనుమతి చేతికి వచ్చేసరికి ఏ ఇల్లు ఎక్కడ, రోడ్డు ఎటు, మురుగు గొట్టాలు ఏ దారిన అన్నవి చాలావరకు ఖరారై ఉంటాయి. అప్పుడు పాత సమాధులు బయటపడితే, వాటిని కదపకుండా ఉంచే దారి దాదాపు మూసుకుపోయి, తవ్వి, నమోదు చేసి, తీసివేయడం ఒక్కటే మిగులుతుంది. అదే ముందుగా తెలిస్తే, ఆ భాగాన్ని పచ్చిక మైదానంగా వదిలేసి ఇళ్ళను పక్కకు జరపవచ్చు. 1990 నవంబరులో అక్కడ వెలువడిన పీపీజీ 16 అనే ప్రభుత్వ ప్రణాళికా మార్గదర్శకం ఈ ఆలోచన మీదే నిలబడింది. 2012 నాటి జాతీయ ప్రణాళికా విధానం కూడా, దరఖాస్తు దశలోనే పాత పటాల, రికార్డుల పరిశీలన జరగాలని, అవసరమైన చోట క్షేత్ర పరిశీలన కూడా ఉండాలని చెప్పింది.

అయస్కాంత సర్వే కందకాలకు తోడు మాత్రమే. బట్టీలు, పొయ్యిలు, పూడిపోయిన పెద్ద కాలువలు అందులో బాగా కనిపిస్తాయి. ఆంగ్లో-శాక్సన్ కాలపు (సుమారు 5 నుంచి 11వ శతాబ్దం వరకు) కొయ్య ఇళ్ళ సంగతి వేరు. చాలా చోట్ల వాటి జాడగా మిగిలేది గుంజలు పాతిన గుంతలే. గుంతలోని మట్టికీ చుట్టూ ఉన్న మట్టికీ తేడా తక్కువైతే సర్వే పటంలో ఊరంతా ఖాళీగానే కనిపించవచ్చు.

ఇక పొలాన్ని చీల్చడం అన్నారు. పళ్ళు లేని వెడల్పాటి బకెట్ తగిలించిన యంత్రం మట్టిని పలుచని పొరలుగా గీకుతుంటే, పక్కనే నిలబడ్డ పురావస్తు నిపుణుడు మట్టి రంగు మారగానే చెయ్యెత్తి ఆపిస్తాడు. అక్కడినుంచి పని తాపీలతోనే. ఒక గుంతను నిలువునా సగానికి కోసి, ఆ సగంలోని మట్టి మాత్రమే తీసి, కోసిన ముఖాన కనిపించే పొరలను కొలిచి, గీసి, ఫోటో తీసి, దొరికిన కుండపెంకుల ఆధారంగా కాలాన్ని అంచనా వేస్తారు. రెండో సగాన్ని సాధారణంగా ముట్టుకోరు. ఇంత ఓపికతో జరిగే పనిని విధ్వంసం అనడానికి నాకు మనసొప్పదు.

రెండవ స్పందన

ముందే తవ్వాలన్నది నాకూ సమ్మతమే. అయితే ఎంత తవ్వుతున్నారన్నది కూడా చూడాలి. రెండు హెక్టార్ల పొలంలో 3 శాతం తవ్వడమంటే 600 చదరపు మీటర్లు, అంటే 30 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల కందకాలు పది. ఒక చిన్న సమాధుల గుంపు రెండు కందకాల మధ్య భద్రంగా దాగి ఉండగలదు. పదింటిలోనూ ఏమీ దొరకలేదంటే ఆ పొలంలో ఏమీ లేదని అర్థం కాదు. పైగా రేపు ఇల్లు లేవబోయే చోటే కందకం పడితే, తిరిగి పూడ్చిన మట్టి వదులుగా ఉండి పునాదికి ఇబ్బంది కలుగుతుంది.

మొదటి స్పందన రాసినవారి జవాబు

మీరు చెప్పిన పరిమితి నిజమే. అందుకే అనుమానం తగిలిన చోట అదనపు కందకాలు తవ్వే వెసులుబాటును పని ప్రణాళికలో ముందుగానే రాయించాలి, పైమట్టి తొలగించేటప్పుడు పురావస్తు పర్యవేక్షణ కొనసాగాలి. పునాది ఇబ్బందికి కందకాల స్థానాలను కచ్చితంగా కొలిచి ఇంజనీరుకు అందజేయడమే మార్గం. చిన్న నిర్మాణదారు భారం తగ్గించాలంటే కందకాలను వాయిదా వేయడం కన్నా మెట్టు మెట్టుగా వెళ్ళడం మేలు: మొదట పాత పటాలు, రికార్డులు, ఆ తర్వాత సర్వే, అవి రెండూ కలిసి ప్రశ్న లేవనెత్తిన చోటే కందకాలు. పొలం కొనుగోలు ఒప్పందం ఖాయం కాకముందే మొదటి మెట్టు పూర్తి చేసుకున్నవారు, మిగిలిన ఖర్చును ధరలోనే బేరమాడుకోగలరు.