ఓవర్‌టైం జీతం తేలలేదని పనికి రాని కార్మికులు: ఏం చేయాలి?

పీన్యా హెచ్‌ఆర్:
బెంగళూరు పీన్యాలోని మా యూనిట్‌లో కొందరు మిషన్ ఆపరేటర్లు, ఎక్కువగా హిందూపురం, మడకశిర వైపువారు, ఓవర్‌టైంకు రెట్టింపు రేటు కట్టలేదన్న అభ్యంతరంతో గత వారం నుండి పనికి రావడం లేదు. సెలవు చీటీ పెట్టలేదు. ఫోను చేస్తే "లెక్క తేలాకే వస్తాం" అంటున్నారు. వారి పేర్లు మస్టరు (హాజరు పట్టీ) నుండి కొట్టేయమని యాజమాన్యం ఒత్తిడి చేస్తోంది. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

బొమ్మనహళ్లి గార్మెంట్స్:
దయచేసి కొట్టేయకండి. ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని స్టాండింగ్ ఆర్డర్స్‌లో (సంస్థ ఉద్యోగ నియమావళిలో) ఉన్నా సరే, సంజాయిషీ వినకుండా తొలగించడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గైర్హాజరు బుద్ధిపూర్వకమని రుజువు కావాలని 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులోనూ చెప్పింది. జీతం గొడవ ఉన్నచోట ఆ రుజువు మరీ కష్టం. మేమైతే ఇంటి చిరునామాకు స్పీడ్ పోస్టులో, కన్నడంతో పాటు తెలుగులోనూ ఉత్తరం పంపుతాం: "ఫలానా తేదీ నుండి మీరు విధులకు రాలేదు, కారణం రాతపూర్వకంగా తెలపండి, మీ ఓవర్‌టైం లెక్కను ఫలానా రోజు మీ సమక్షంలోనే సరిచూస్తాము." బెదిరింపు మాట ఒక్కటి కూడా ఉండదు. ఈ చివరి వాక్యం వల్లనే చాలామంది తిరిగి వచ్చారు.

పేరోల్ అకౌంటెంటు:
వివాదం లేని జీతాన్ని మాత్రం ఆపవద్దు. 2025 నవంబరు 21 నుండి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ దాటకూడదు. రాని రోజులకు ఆ మేరకే కోత వేయాలి. పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది కలిసికట్టుగా, నోటీసు లేకుండా, తగిన కారణం లేకుండా మానేస్తేనే ఎనిమిది రోజుల జీతం వరకు కోయవచ్చు. మీ దగ్గర కారణం ఉందో లేదో ఓవర్‌టైం లెక్కే చెప్పాలి కనుక ఆ కోత జోలికి వెళ్లకపోవడం మంచిది.

యూనియన్ కార్యకర్త:
కార్మికుల వైపు నుండి చెబుతున్నాను. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సగం మంది లేదా అంతకు మించి ఒకే రోజు కలిసి క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది, సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. అందుకే మావాళ్లకు పనికి వెళ్తూనే బన్నేరుఘట్ట రోడ్డు కార్మిక భవనంలో (కార్మిక శాఖ కార్యాలయం) ఫిర్యాదు ఇవ్వమని చెబుతాము. జీతం బకాయి క్లెయిముకు మూడేళ్ల గడువు ఉంది కదా. అయితే రెట్టింపు రేటు యాజమాన్యం దయతో ఇచ్చేది కాదు, చట్టం ఇచ్చినది. పంచింగ్ రికార్డును వారి ముందు తెరిచి పెట్టండి.

పీన్యా హెచ్‌ఆర్:
అందరికీ కృతజ్ఞతలు. ఉత్తరం అందాక కూడా రానివారి విషయంలో క్రమశిక్షణ ఎంక్వైరీకి వెంటనే వెళ్లవచ్చా?

బొమ్మనహళ్లి గార్మెంట్స్:
ముందు రెండో ఉత్తరం, తరువాత ఛార్జిషీటు (సంస్థ ఇచ్చే ఆరోపణల పత్రం). లెక్క సరిచూసే రోజు గడవకుండా మాత్రం ఛార్జిషీటు ఇవ్వకండి.