జార్ గిఫ్ట్ అని చెప్పి అమ్ముతున్న బంగారు వాచీ, తీసుకోవచ్చా?

గోదారోడు:
అన్నలూ, పాత వాచీల పిచ్చి ఈమధ్యే పట్టింది. ఆన్‌లైన్‌లో ఒకాయన పావెల్ బురే (జార్ల కాలం నాటి రష్యా వాచీ కంపెనీ) బంగారు చేతి వాచీ పెట్టాడు, డయల్ మీద రెండు తలల గద్ద, వెనక మూత లోపల 56 అని ముద్ర, రష్యా జార్ రెండో నికొలాస్ ఎవరో ఆఫీసర్‌కి బహుమతిగా ఇచ్చిందంట. కాగితాలేవీ లేవు, తాతగారి నుంచి వచ్చింది అంటాడు అంతే. బంగారం రేటుకి మూడు రెట్లు అడుగుతున్నాడు, జార్ పేరుందంటే ఆ మాత్రం ఉండదా అని నా ఆశ. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతగడియారం:
బ్రో ఆగు, గద్దని చూసి పడిపోకు. బురే వాళ్ళు జార్ దర్బారుకి సప్లయర్లు, ఆ హోదా ఉన్నవాళ్ళు రాజముద్ర వాడుకోవచ్చు, అందుకే షాపులో ఎవరికైనా అమ్మిన వాచీల డయల్ మీదా గద్ద ఉంటుంది. దర్బారు బహుమతులకి మామూలుగా కేసు మూత మీదే గద్ద ఉబ్బెత్తుగా ఉంటుంది, అవీ దాదాపు అన్నీ జేబు వాచీలే. మగవాళ్ళు చేతికి వాచీ కట్టుకోవడం మొదటి ప్రపంచ యుద్ధంలోనే ఊపందుకుంది, నికొలాస్ 1917లో గద్దె దిగిపోయాడు, మరి ఎన్ని ఇచ్చుంటాడు చెప్పు.
56 అంటే 96కి 56 వంతులు, మన 14 క్యారెట్లు. భూతద్దం పెట్టి చూస్తే ఆ అంకె పక్కన తలపాగా లాంటిది పెట్టుకున్న ఆడమనిషి తల కనపడాలి, ఎడమకి చూస్తుంటే 1908కి ముందుది, కుడికైతే ఆ తర్వాతది. ఉత్త 56 ఎవడైనా కొట్టేస్తాడు. సెకన్ల చిన్న డయల్ ఎక్కడుందో చెప్పు, కీ ఇచ్చే బొడిపె 3 దగ్గర, సెకన్లు 9 దగ్గర ఉంటే చాలావరకు అది జేబు వాచీ మెషీన్‌కి కొత్త డయల్ వేసి బెల్టు తగిలించిన సరుకే.

గోదారోడు:
9 దగ్గరే ఉంది అన్నా 😭 సైజు 48 మి.మీ. మెషీన్ ఫోటో అడిగితే మూత తీయడం రాదంటున్నాడు, మరి లోపలి ముద్ర ఎలా చూశాడో.

లోలకం:
😂😂 అయిపోయింది.
రాజుల వాచీల్లో రేటు బంగారానిది కాదండీ, చేతులు మారిన రికార్డుది. వియత్నాం చివరి చక్రవర్తి బావ్ దాయ్ 1954లో జెనీవాలో కొన్న బంగారు రోలెక్స్ 6062 ఉంది కదా, 36 మి.మీ., నల్ల డయల్, గంటల దగ్గర వజ్రాలు. 2002లో ఆయన కుటుంబమే వేలంలో అమ్మింది, రెండున్నర లక్షల డాలర్లలోపే పోయింది, 2017లో అదే వాచీ 50 లక్షలు దాటింది. చైనా చివరి చక్రవర్తి పు యీ వాచీ, పాటెక్ ఫిలిప్ కంపెనీది, అయితే ప్లాటినం, సోవియట్ నిర్బంధంలో ఉన్నప్పుడు డయల్ కూడా ప్లాటినమేనా అని నౌకరు చేత గీకించాడంట, ఆ గీకుడు అలాగే ఉంది, అయినా 2023లో హాంకాంగ్‌లో 62 లక్షల డాలర్లు. అమ్మేముందు ఫిలిప్స్ అనే వేలం సంస్థ వాళ్ళు మూడేళ్ళు పరిశోధన చేశారు. పేపర్లు ఎంత ముఖ్యమంటే ఇథియోపియా చక్రవర్తి హైలె సెలాసీ బంగారు పాటెక్ 2015లో క్రిస్టీస్ వేలానికి వచ్చి, అసలు హక్కెవరిదన్న తగాదాతో ఆగిపోయింది, 2017లో గానీ అమ్ముడుకాలేదు.

పాతగడియారం:
అంతగా మనసు పడితే బంగారం రేటుకి అడుగు, మెషీన్, అద్దం తీసేసి కేసు ఒక్కటే తూచి, 14 క్యారెట్ల లెక్కన. ఒప్పుకోకపోతే వదిలెయ్, అచ్చమైన బురే జేబు వాచీలు బోలెడు దొరుకుతాయి.