మాండొలిన్ ట్రెమొలో కుట్టుమిషన్‌లా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: టెంపో 70లో (నిమిషానికి 70 బీట్లు) పొడుగు స్వరాన్ని ట్రెమొలోతో, అంటే తీగను గబగబా కిందికీ పైకీ మీటుతూ, పట్టుకుంటే టకటకమంటోంది. పక్క స్వరానికి మారేటప్పుడు తడబాటు కూడా. ఏం చేయాలండీ?

జవాబు: ముందు లెక్క తేల్చుకోండి. 70లో బీటుకు 4 స్ట్రోకులు (మీటులు) పలచన, 8 అయితే మణికట్టు బిగుస్తుంది. 6 పెట్టండి, అంటే సెకనుకు 7. సరిసంఖ్య కాబట్టి ప్రతి బీటూ డౌన్ స్ట్రోకుతోనే (కిందికి మీటుతోనే) మొదలవుతుంది, తడబాటు తగ్గుతుంది.

జవాబు: లెక్క సరే, ఆ టకటక మాత్రం పిక్ (తీగ మీటే బిళ్ళ) వల్లే. కొన ఒకట్రెండు మిల్లీమీటర్లు మించి దిగితే తీగల్లో ఇరుక్కుంటుంది. కాస్త వాల్చి పట్టండి. మాండొలిన్ తీగలు జంటలుగా ఉంటాయి కదా, అప్ స్ట్రోకు (పైకి మీటు) జంటలో రెండు తీగలకూ తగలాలి. ఒక్కదానికే తగిలితే కుంటినడకే! మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని బీటు చెప్పే పరికరం) పెట్టి నెమ్మదిగా వాయిస్తే ఈ కుంటినడక ఇట్టే దొరికిపోతుంది.

జవాబు: స్ట్రోకులన్నీ ఒకే బలంతో కొట్టకండి. మెల్లగా మొదలెట్టి మధ్యలో పెంచండి. స్వరం మారేముందు ఆఖరి అప్ స్ట్రోకు తీగకు తగలకుండా వదిలేయొచ్చు, చెయ్యి మాత్రం ఆగకూడదు.