మెర్లిన్ సీరియల్‌లో గాయస్ మంచి గురువేనా? నాకు ఆయన నచ్చడు

రాత్రివాన:
బీబీసీలో 2008 నుంచి 2012 దాకా ఐదు సీజన్లుగా వచ్చిన 'మెర్లిన్' గురించి ఈ పోస్ట్. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా: కామెలాట్ రాజు ఉథర్ మంత్రవిద్యను నిషేధించాడు. ఆ శక్తి ఉందని తెలిస్తే తల తీయించేస్తాడు. పుట్టుకతోనే ఆ శక్తి ఉన్న కుర్రాడు మెర్లిన్, అదే కోటలో రాజవైద్యుడు గాయస్ దగ్గర ఉంటూ, యువరాజు ఆర్థర్‌కి సేవకుడిగా పనిచేస్తుంటాడు. గాయస్ అంటే చాలామందికి ప్రాణం. రిచర్డ్ విల్సన్ నటనకి నేనూ వంక పెట్టను. కానీ ఆ పాత్రని జ్ఞాని అంటే మాత్రం ఒప్పుకోలేను. కారణం మోర్గానా.

మోర్గానా ఉథర్ సంరక్షణలో పెరిగిన అమ్మాయి. జరగబోయేవి ఆమెకి కలలో కనిపిస్తాయి. అర్ధరాత్రి కేకలు పెట్టి లేస్తుంది. ఆమెకి ఆ శక్తి ఉందని గాయస్‌కి ఆమె చిన్నతనం నుంచే అనుమానం. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లో ఆ మాట మెర్లిన్‌తో చెప్తాడు కూడా. ఆమెతో మాత్రం చెప్పడు. నిద్రమందు సీసా చేతిలో పెట్టి పంపేస్తాడు.

ఇప్పుడు మొదటి ఎపిసోడ్ చివర ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. మెర్లిన్ ఊళ్లో అడుగుపెట్టి ఎన్నో రోజులు కాలేదు. గాయస్ తన దగ్గర దాచుకున్న మంత్రాల పుస్తకం తీసి అతనికిస్తాడు. అది ఎవరి కంటైనా పడితే ఇద్దరి ప్రాణాలూ పోతాయి, అయినా ఇచ్చాడు. తమకేమవుతోందో తెలియక ఇద్దరు పిల్లలు ఆ ఒక్క మనిషి దగ్గరికే వచ్చారు. ఒకరికి పుస్తకం దొరికింది, ఒకరికి సీసా దొరికింది. తర్వాత నాలుగు సీజన్ల పాటు జరిగిన నష్టమంతా నాకు అక్కడి నుంచే కనిపిస్తుంది.

పాతకోట:
రాత్రివాన గారూ, మీరు ఉథర్‌ని పక్కన పెట్టి మాట్లాడుతున్నారు. మెర్లిన్ కామెలాట్‌లోకి రాగానే చూసేదే మంత్రవిద్య నేరానికి ఒకడి తల నరకడం. మెర్లిన్ ఊరూ పేరూ లేని సేవకుడు, అతన్ని దాచొచ్చు. మోర్గానా రోజూ రాజుతో కలిసి భోజనానికి కూర్చునే మనిషి, కోపమొస్తే ఉథర్ మొహం మీదే అనేసే రకం. నిజం తెలిస్తే ఆమె ఎన్నాళ్లు దాచగలదు?

ఇంకోటి, ఆయన్ని పిరికివాడన్నట్టు మాట్లాడొద్దు. మెర్లిన్ తల్లిని బతికించడానికి మొదటి సీజన్ చివర్లో తన ప్రాణమే ఇవ్వడానికి వెళ్లాడు. రెండో సీజన్‌లో మంత్రగాళ్లని పట్టే అరేడియన్ వచ్చినప్పుడు, మెర్లిన్‌నీ మోర్గానానీ విచారణ నుంచి తప్పించడానికి నేరం తన మీద వేసుకున్నాడు. మోర్గానాని కూడా! అది మర్చిపోతే ఎలా?

చందమామ_కథలు:
పాతకోట గారితో ఏకీభవిస్తున్నా. కురుసభలో విదురుడు లేడా? అధర్మం జరిగే కొలువులోనే ఉంటూ, చేతనైనంత మంచి చేశాడు. గాయస్ కూడా అంతే.

తెరచాప:
అసలు తప్పు రచయితలది. మోర్గానా విలన్ కావాలి కాబట్టి ఎవరో ఒకరు నోరు మూసుకోవాలి, ఆ పని గాయస్ మీద పడింది. అయినా మీకు కోపం రావాల్సింది కోట కింద గొలుసులతో ఉన్న ఆ డ్రాగన్ మీద కదా? మోర్గానాని నమ్మొద్దని మెర్లిన్‌కి నూరిపోసింది అదే.

రాత్రివాన:
తెరచాప గారూ, డ్రాగన్ కిల్గారాని బంధించింది ఉథర్. దానికి కావాల్సింది విడుదల. అది ఇచ్చే ప్రతి సలహాకీ ఒక బేరం ఉంటుందని మనకి తెలుస్తూనే ఉంటుంది, కాబట్టి అది మనల్ని మోసం చేయదు. గాయస్ మాట వేరు. ఆయన కనుబొమ్మ ఎత్తి నెమ్మదిగా ఒక మాటంటే అదే వివేకమని మనం నమ్మేలా సీన్ తీస్తారు. రచయితల అవసరమే కావొచ్చు, కానీ ఆ అవసరానికి జ్ఞానం ముసుగు వేశారు. నాకు నచ్చనిది అదే.

చందమామ గారూ, విదురుడు కొలువులో ఉన్నాడు గానీ నోరు మూసుకుని ఉండలేదు. ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చినప్పుడు ఇది తప్పని ధృతరాష్ట్రుడి ఎదుటే చెప్పాడు. గాయస్‌ని ఆయనతో పోల్చడం విదురుడికి అన్యాయం.

పాతకోట గారి మాటకి వస్తాను, గట్టి వాదన అదే. అరేడియన్ ఎపిసోడ్‌లో గాయస్ ధైర్యం నిజమే, నేను కాదనను. ఆ అమ్మాయి కోసం చావడానికి సిద్ధపడ్డాడు, కానీ ఆమె ఎదురుగా కూర్చుని ఒక్క నిజం చెప్పడానికి సిద్ధపడలేదు. నాకు మింగుడుపడనిది అదే.

చెప్తే ఆమె దాచలేదంటున్నారు. చెప్పకపోతే దాగిందా? రెండో సీజన్ మూడో ఎపిసోడ్‌లో కొవ్వొత్తి భగ్గుమని ఆమె గదికి నిప్పంటుకుంటుంది. వణికిపోతూ మెర్లిన్ దగ్గరికొచ్చి, ఇది మంత్రశక్తే కదా, ఎవరో ఒకరు ఆ మాట అనండి అన్నట్టు బతిమాలుతుంది. మెర్లిన్‌కి చెప్పాలనే ఉంటుంది, గాయస్ వద్దంటాడు. చివరికి ఆ మాట ఆమెకి అడవిలో ఉండే డ్రూయిడ్లు, అంటే మంత్రవిద్య తెలిసిన తెగవాళ్లు, చెప్పారు. తర్వాత మోర్గాస్ అనే మంత్రగత్తె వచ్చి ఒక కంకణం ఇస్తే ఆ పీడకలలు ఆగాయి. ఎన్నేళ్ల మందుతోనూ దొరకని నిద్ర దొరికింది. ఆమె ఎవరిని నమ్ముతుంది, మీరే చెప్పండి?

దాని ఫలితం రెండో సీజన్ పన్నెండో ఎపిసోడ్. కోటంతా మంత్రనిద్రలో పడింది, ఆ మంత్రానికి ఆధారం తనే అని మోర్గానాకే తెలీదు. మెర్లిన్ నీళ్లలో విషం కలిపి ఆమెకిస్తాడు. ఆమె నమ్మి తాగుతుంది, ఊపిరాడక అతని వైపే చూస్తుంది. మూడో సీజన్‌లో ఆమె శత్రువుగా తిరిగొస్తే ఆశ్చర్యపోవడానికి ఏముంది?

పాతకోట:
ఆ విషం సీన్ నాకూ బాధే. కానీ అప్పుడు గాయస్ కూడా నిద్రలోనే ఉన్నాడు, ఆ పాపం ఆయనకి అంటగట్టొద్దు. ఒక్క ప్రశ్న అడుగుతా. ఉథర్ ఉన్న కోటలో ఆయన ఇంకేం చేయగలిగేవాడు? ఉన్న దారి చూపించండి, ఊహ వద్దు.

రాత్రివాన:
దారి ఆ కథలోనే ఉంది. ఉథర్ మంత్రగాళ్లని వేటాడుతున్న రోజుల్లో డ్రాగన్లని శాసించగల బాలినోర్‌ని కామెలాట్ దాటించింది గాయసే. ఎల్డోర్ అనే పల్లెలో మెర్లిన్ తల్లి హ్యూనిత్ ఇంట్లో దాచింది ఆయనే. రాజుకి తెలియకుండా మనిషిని ఎలా తప్పించాలో, ఎవరి గడప తొక్కితే దాస్తారో ఆయనకి తెలుసు. మోర్గానా భయంతో అడవి దారి పట్టిన రోజున కూడా ఎల్డోర్ అక్కడే ఉంది, హ్యూనిత్ ఆ ఇంట్లోనే ఉంది.