టెక్సస్ 1836లోనే విడిపోయింది కదా, మరి 1846లో మెక్సికోతో యుద్ధం ఎందుకు?

హ్యూస్టన్ నాన్న:
మా అబ్బాయి ఏడో తరగతి. ఇక్కడ ఆ ఏడాది టెక్సస్ చరిత్ర ఉంటుంది, వాడితో పాటు నేనూ చదువుతున్నాను. 1836లో శాన్ హసింటో దగ్గర మెక్సికో సైన్యాన్ని నడిపిన శాంటా అన్నా ఓడి పట్టుబడ్డాడు, టెక్సస్ వేరే దేశమైంది. 1845లో అమెరికాలో కలిసింది. ఇంతవరకు అర్థమైంది. మరి 1846లో యుద్ధం దేనికి? గొడవ టెక్సస్ గురించైతే కాలిఫోర్నియా ఎందుకు చేతులు మారింది? వాడు అడిగితే చెప్పలేకపోయాను. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

నది ఒడ్డున:
నేనుండేది బ్రౌన్స్‌విల్‌లో అండి. వంతెన దాటితే మెక్సికోలోని మతమోరోస్. మీరు అడిగినదంతా మా ఊరి చుట్టూ జరిగిందే కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

శాంటా అన్నా ఖైదీగా ఉండి టెక్సస్ వాళ్ళతో ఒప్పందం మీద పెట్టిన సంతకాన్ని మెక్సికో ప్రభుత్వం ఒప్పుకోలేదు. వాళ్ళ దృష్టిలో టెక్సస్ తిరగబడ్డ రాష్ట్రమే. దానికి తోడు హద్దు తగాదా. స్పెయిన్ కాలం నుంచీ టెక్సస్‌కి దక్షిణ హద్దు నుయేసెస్ నది, కార్పస్ క్రిస్టీ దగ్గర సముద్రంలో కలిసేది. టెక్సస్ వాళ్ళేమో ఇంకా దక్షిణాన, మా ఊరి పక్కనున్న రియో గ్రాండే నది దాకా మాదే అన్నారు. కార్పస్ క్రిస్టీ నుంచి 77వ నంబరు హైవే మీద మా వైపు రండి, దారి పొడవునా పశువుల మేత బీళ్ళు, ముళ్ళ చెట్లు. ఈ నేల కోసమే యుద్ధం జరిగిందంటే నేను నమ్మను.

అప్పటి అమెరికా ప్రెసిడెంట్ పోల్క్ కన్ను కాలిఫోర్నియా మీద ఉంది. 1845 చివర్లో కాలిఫోర్నియా, న్యూ మెక్సికో కొనడానికి జాన్ స్లైడెల్‌ని రాయబారిగా పంపాడు. మెక్సికో అతన్ని రాయబారిగా గుర్తించలేదు. 1846 జనవరిలో జనరల్ టేలర్‌కి ఆర్డరు వెళ్ళింది, సైన్యాన్ని రియో గ్రాండేకి నడపమని. టేలర్ వచ్చి సరిగ్గా మతమోరోస్‌కి ఎదురుగా కోట కట్టాడు. ఏప్రిల్ 25న మెక్సికన్ గుర్రపు దళం నది దాటి వచ్చి ఒక అమెరికన్ గస్తీ దళాన్ని చుట్టుముట్టింది. కొందరు చనిపోయారు, చాలామంది పట్టుబడ్డారు.

ఆ కబురు వాషింగ్టన్ చేరింది మే 9 సాయంత్రం. ఆ రోజు పగలే, కబురు అందకముందే, పోల్క్ తన మంత్రులతో కూర్చుని యుద్ధానికి వెళ్దామని తేల్చేశాడు. ఈ మాట అతని డైరీలోనే ఉంది. మే 11న మాత్రం కాంగ్రెస్‌కి, మెక్సికో మన నేల మీద అమెరికన్ రక్తం చిందించిందని రాసి పంపాడు. 13న యుద్ధ ప్రకటన. మీ అబ్బాయికి ఈ మూడు తేదీలూ వరసగా చెప్పండి. జులై మొదటి వారానికల్లా అమెరికా నౌకాదళం కాలిఫోర్నియాలోని మోంటెరేలో జెండా ఎగరేసింది, ఆగస్టులో న్యూ మెక్సికోలోని శాంటా ఫే కూడా అమెరికా చేతికి పోయింది. టెక్సస్ గొడవకీ ఆ ఊళ్ళకీ ఏం సంబంధం?

అన్నట్టు, మతమోరోస్ నుంచి కాల్చిన ఫిరంగి దెబ్బకి ఆ కోటలో చనిపోయిన మేజర్ బ్రౌన్ పేరే మా ఊరిది.

పాత పేజీలు:
బాగా రాశారు. బానిసత్వం సంగతి కూడా కలపాలి. మెక్సికో 1829లోనే దాన్ని రద్దు చేసింది, టెక్సస్‌లో స్థిరపడిన అమెరికన్లు వదలలేదు. కొత్తగా గెలిచే నేలలో బానిసత్వం ఉండకూడదని 1846లోనే కాంగ్రెస్ సభ్యుడు విల్మట్ ప్రతిపాదన పెట్టాడు, సెనేట్‌లో నెగ్గలేదు. రక్తం చిందిన ఆ చోటు ఎక్కడో చూపించమని 1847లో పోల్క్‌ని నిలదీసిన కాంగ్రెస్ కొత్త సభ్యుడు అబ్రహాం లింకన్. ఇదే యుద్ధంలో పోరాడిన గ్రాంట్, తర్వాత ప్రెసిడెంట్ అయినవాడు, బలవంతుడు బలహీనుడి మీద చేసిన అత్యంత అన్యాయమైన యుద్ధాల్లో ఇదొకటని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

హ్యూస్టన్ నాన్న:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. మే 9 సంగతి వినగానే మావాడు కుర్చీలోంచి లేచాడు. ఇంకొక్కటి అడగమంటున్నాడు: అక్కడ అప్పటికే ఉంటున్న మెక్సికన్లు ఏమయ్యారు?

నది ఒడ్డున:
మంచి ప్రశ్న అడిగాడు. 1847 సెప్టెంబరులో మెక్సికో సిటీ పడిపోయింది. 1848 ఫిబ్రవరి 2న గ్వాడలూపే హిడాల్గోలో ఒప్పందం. కోటీ యాభై లక్షల డాలర్లకి మెక్సికో ఆ నేలంతా వదులుకుంది. టెక్సస్‌తో కలిపి లెక్కేస్తే దేశంలో సగం పైనే. అక్కడివాళ్ళకి ఏడాది గడువిచ్చారు: మెక్సికో పౌరులుగానే ఉంటామని ఆలోగా చెప్పకపోతే అమెరికా పౌరులైనట్టే. ఎక్కువమంది కదల్లేదు. ఇల్లూ పొలం వదిలి ఎక్కడికి పోతారు?

నాకు బాధనిపించేది ఆ తర్వాతది. పాత భూమి పట్టాలు చెల్లుతాయన్న, ఆ ఒప్పందంలోని పదో అధికరణాన్ని అమెరికా సెనేట్ కొట్టేసింది. కాలిఫోర్నియాలో 1851 చట్టం వచ్చి, మీ భూమి మీదేనని మీరే రుజువు చేసుకోండి అంది. కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి. గెలిచినవాళ్ళలో కూడా చాలామంది లాయర్ల ఖర్చుకే భూములు పోగొట్టుకున్నారు.

సెలవుల్లో వాణ్ణి తీసుకుని ఇటు రండి. 1846 మే 8న, వాషింగ్టన్‌లో ఇంకా ఏమీ ప్రకటించకముందే, మొదటి పెద్ద యుద్ధం జరిగిన పాలో ఆల్టో మైదానం మా ఊరి పక్కనే, ఇప్పుడది నేషనల్ పార్క్. నీడ తక్కువ, పొద్దున్నే వెళ్దాం.